లేత గులాబి

మూడోసారి కూడా నా ఫ్లాస్కులో ద్రావణం బీట్‌రూట్ రసంలా తయారైంది. పక్కనున్న జెబ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. పందొమ్మిదేళ్ల పిల్ల, నా క్లాసే, ఇల్లు చూలై పేటలో.

"అక్కా, ఇంత రెడ్ రాకూడదు. లైట్ పింక్‌లోనే నిలిపేయాల."

"తెలుసు" అన్నాను. తెలుసు గానీ చెయ్యి వినదే.

నా పేరు అలివేలుమంగ. కెమిస్ట్రీ రెండో సంవత్సరంలో చదువు మానేసి, పదకొండేళ్ల తర్వాత వచ్చి మళ్ళీ అదే బెంచీ మీద కూర్చున్నాను. పిల్లలు పాఠాన్ని ఫోనులో ఫోటో తీసుకుంటారు. నేను బోర్డు చూసి సగం రాసుకునేలోపు వాసంతి మేడమ్ తుడిచేస్తుంది. మొక్కై వంగనిది మానై వంగునా అని మా అత్త రోజూ అంటుంది. ఆ సామెతకు కాళ్లుంటే నా వెంట కాలేజీకి కూడా వచ్చేదే.

ఈ సెమిస్టర్లో ఒక్క పేపరు పోయినా సీటు పోతుందన్న షరతు మీదే చేర్చుకున్నారు. థియరీ ఎలాగో గట్టెక్కాను. మిగిలింది ఈ ప్రాక్టికల్. పైనున్న గాజుగొట్టంలోంచి క్షారాన్ని కింది ఆమ్లంలోకి చుక్కచుక్కగా వదలాలి. లేత గులాబి వచ్చి నిలవగానే ఆపాలి. ఒక్క చుక్క ఎక్కువైతే లెక్కంతా తప్పు.

నా తప్పు ఎక్కడిదో నాకు తెలుసు. చింతాద్రిపేటలో మాది నూలుకు రంగులద్దే కొట్టం. రంగంటే ముదరాలి, నూలు తాగాలి అని చూస్తూ పెరిగిన కళ్లు నావి. లేతగా కనిపిస్తే ఇంకా పట్టలేదనిపిస్తుంది.

నాయన యతిరాజులు మంచాన పడ్డప్పుడు "ఒక్క ఏడు ఈడ చూసుకోమ్మా, మళ్ళీ కాలేజీకి పోదువు" అన్నాడు. పోయే ఏడు రానేలేదు. నాయన పోయాడు, కొట్టం మూతపడింది. కూవం ఏటి పక్కన ఆ కొట్టం గోడ మీద ఎర్ర మరకలు ఇంకా ఉన్నాయి. బస్సు అటు పోయిన ప్రతిసారీ కిటికీలోంచి చూస్తాను. ఆ తడి నూలు వాసన కోసం ప్రాణం కొట్టుకుంటుంది.

పరీక్ష రోజు నా బల్ల మీద రంగు తేడా తెలియడానికి ఫ్లాస్కు కింద పెట్టే తెల్ల పింగాణీ పలక లేదు. అడిగితే మేడమ్ "ఏదైనా తెల్లది పెట్టుకో" అంది. నా చేతిరుమాలు పరిచాను.

పరిచాక చెయ్యి ఆగింది. లేత గులాబి నూలు కావాలని ఎవరైనా వస్తే నాయన మమ్మల్ని తొట్టి దగ్గరికి రానిచ్చేవాడు కాదు. ఒక్క పోగు ముంచి, భుజం మీది తెల్ల తువ్వాలు మీద వేసి చూసుకునేవాడు. "ముదురు రంగు ఎవరన్నా వేస్తారు మంగా. లేతది ఆడ నిలిపేదే పని" అనేవాడు. ఇన్నాళ్లూ ముదురు రంగులే గుర్తుపెట్టుకున్నాను.

చుక్క వదిలాను. రంగు వచ్చి మాయమైంది. ఇంకో చుక్క. రుమాలు మీద ఉందా లేదా అన్నంత లేతగా గులాబి కనిపించింది. ఊపి చూశాను, పోలేదు. అలవాటుగా వేళ్లు గొట్టం మరను మళ్ళీ తిప్పబోయాయి. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఇంకో రెండుసార్లు చేశాను. మూడుసార్లూ ఒకే రీడింగు. మేడమ్ ఫ్లాస్కు ఎత్తి చూసి, నా కాగితం మీద సంతకం పెట్టి, "బాగుంది, కడిగేసి వెళ్లు" అంది.

సింకు దగ్గర ఫ్లాస్కు పట్టుకుని అలాగే నిలబడ్డాను. పారబోయబుద్ధి కాలేదు.

"ఏమక్కా, ఆడనే నిలబడుండావు?" అంది జెబ.

"నువ్వు చెప్పిన ఆ ఒక్క ఏడు ఇవాళ్టికయింది నాయనా" అన్నాను, మెల్లగా. జెబకు వినబడే ఉంటుంది. బల్ల మీంచి నా రుమాలు తీసి, మడిచి, నా సంచిలో పెట్టింది.