నూట నలభయ్యో గీత

ట్యాంకు లోపలి గోడ మీద సెంటీమీటర్ల గీతలుంటాయి. పన్నెండేళ్లుగా పంపుహౌసు రిజిస్టరులో గంటకోసారి నీళ్లు ఏ గీత దగ్గరున్నాయో రాయడమే నా ఉద్యోగం. పాలు పొంగడానికి కూడా అక్క పట్టిక వేస్తుందని తమ్ముడు అందరి దగ్గరా వేళాకోళం చేస్తాడు.

వాడిది ట్యాంకులు కడిగే పని. ఆ ఉదయం ఖాళీ ట్యాంకులోకి దిగి బురద తోడి, కాసిని నీళ్లు వదలమన్నాడు. వదిలాను. అడుగున పంపుకు నీళ్లు వెళ్లే గొట్టం మీది జాలీ విరిగి, వాడి పాదం అందులో ఇరుక్కుంది. కేక విని వాల్వు మూయబోతే, తుప్పు పట్టిన చక్రం చేతిలోకి ఊడొచ్చింది. దిగి వాణ్ణి లాగాను. కదల్లేదు. ఫోను చేస్తే అగ్నిమాపక వాళ్లు కోసే మిషనుతో పది నలభైకి వస్తామన్నారు.

నిచ్చెన మీద కూర్చుని రిజిస్టరు తెరిచాను. పది గంటలకు యాభై. పది ఐదుకు అరవై. పది పదికి డెబ్బై. వాడు నిలబడితే గడ్డం నూట నలభయ్యో గీతకు వస్తుంది. ఐదు నిమిషాలకు పది చొప్పున పదీ నలభై ఐదు. ఐదు నిమిషాలు మిగులు. వాడికి ఆ మాటే చెప్పాను.

పది పదిహేనుకు ఎనభై రెండు. తప్పు చూశాననుకున్నాను. పది ఇరవైకి తొంభై ఆరు. పెరుగుదల పది, పది, పన్నెండు, పద్నాలుగు. ఈ ట్యాంకు కింద వెడల్పు, పైకి పోయేకొద్దీ ఇరుకు. ఖాళీ ట్యాంకు నిండటం నేనెప్పుడూ రాయలేదు, ఆ సంగతి తట్టనే లేదు. అదే వరసలో రెండేసి పెంచుతూ కింద మిగతా గడులు ముందే నింపాను. నూట పన్నెండు, నూట ముప్పై, పదీ ముప్పై ఐదుకు నూట యాభై. అంటే పదీ ముప్పై మూడుకే గడ్డం మునుగుతుంది.

నీళ్లు దించేది పంపొక్కటే. అది లాగేది వాడి పాదం ఉన్న గొట్టంలోంచే, నీళ్లతో పాటు పాదాన్నీ లోపలికి లాగుతుంది. వచ్చే నీళ్లు పోను నిమిషానికి పది సెంటీమీటర్లు దించుతుంది. రెండు నిమిషాలు నడిపితే నూట ఇరవైకి దిగుతుంది, మళ్లీ గడ్డం దాకా రావడానికి ఐదు నిమిషాలు. పదీ నలభై. ఒక్క నిమిషమైతే చాలదు. రెండుసార్లు వేసి చూశాను, అదే వచ్చింది.

వాడికి దాచకుండా చెప్పాను. నీళ్లు అప్పటికి చంకల దాకా వచ్చాయి.

"రెండే కదా అక్కా. నువ్వే లెక్కపెట్టు" అన్నాడు.

పదీ ముప్పై మూడుకు స్విచ్చి వేశాను. వాడి అరుపు ట్యాంకంతా మారుమోగింది. అయినా లెక్కపెట్టాను. నూట ఇరవై దగ్గర ఆపాను.

అగ్నిమాపక వాళ్లు పదీ నలభై ఒకటికి వచ్చారు. వాడు తల వెనక్కి వాల్చి ముక్కుతో గాలి పీలుస్తున్నాడు. వాళ్లు ముందు పానాతో వాల్వు మూసి, తర్వాత జాలీ కోశారు. ప్రాణం దక్కింది. మూడు కాలివేళ్లు పోయాయి.

మర్నాడు ఆసుపత్రిలో కళ్లు తెరిచి, అటు తిరిగే అడిగాడు.

"సగంలో ఆపమని అరిచాను. వినబడలేదా అక్కా?"

"వినబడిందిరా" అన్నాను.