బోనెట్ కింద ఉంగరం

పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కి ఆనించి, పిడిని చెవికి అదిమిపెట్టుకుని విన్నాడు మెకానిక్. టక్, టక్, టక్. ఆ తర్వాత సద్దుమణిగింది.

"ఏమంటారు డాక్టరుగారూ?" అంది వదిన, స్టీరింగ్ వదలకుండా. ఆవిడ కొండ అవతలి ఆస్పత్రిలో నర్సు. మరిది అలా చెవి పెట్టినప్పుడల్లా ఆ ఎగతాళి మామూలే.

"ఆయిల్ పంపు అరిగిపోయింది వదినా. ఇంజిన్ లేవగానే ఆయిల్ పైకెక్కట్లేదు. ఇనుమూ ఇనుమూ పొడిగా కొట్టుకుంటున్నాయి. డాష్‌బోర్డు మీద ఎర్రలైటు వెలగట్లేదూ?"

"వెలుగుతోంది. వెలగనీ."

"వెలగనీయడానికి అదేమన్నా దేవుడి దీపమా? కొండ మలుపులో ఇంజిన్ పట్టేసిందంటే..."

"పంపు ముట్టుకోకు. ఆయిల్ మార్చి ఇచ్చెయ్ చాలు."

ఎందుకో అతనికి తెలుసు. అన్నయ్య పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఈ షెడ్డూ, ఈ కారూ ఆయనవే. గేటు ముందు కారాపితే హారన్ కొట్టేవాడు కాదు. ఉంగరం వేలితో కారు తలుపు మీద మూడుసార్లు తట్టేవాడు. హారనైతే వీధంతా తొంగిచూస్తుంది, ఇదైతే మా ఆవిడొక్కతే వస్తుందని నవ్వేవాడు. ఆయన పోయిన కొన్నాళ్ళకి, పొద్దున తాళం తిప్పగానే, ఇంజిన్‌లో ఆ తట్టడం మొదలైంది.

"పిలుస్తున్నారయ్యా," అంది వదిన మెల్లగా. "రోజుకి ఒక్కసారి. అదీ పీకేస్తానంటావా?"

"అన్నయ్య పిలిచింది ఇంట్లోంచి బయటికి వదినా. ఇది పిలిచేది లోయలోకి."

ఆవిడ తాళంచెవి అతని చేతిలో పడేసి, మూలనున్న పాత టైరు మీద చతికిలబడింది.

ఆయిల్ దించి, ఇంజిన్ అడుగునున్న ఆయిల్ చాంబర్ విప్పి, పంపు ఊడదీశాడు. మూత తీసి చూస్తే లోపలి పళ్ళచక్రాలు రెండూ ఎలకలు కొరికినట్టున్నాయి. వాటిని చొక్కా జేబులో వేసుకుని, పంపు ఖాళీ డొల్లని రేకు ట్రేలో పడేశాడు. కొత్త పంపులో ముందే ఆయిల్ నింపి బిగించాడు. అన్నయ్య నేర్పిన పద్ధతే అది. "ఎండు నోటితో పనికి పంపుతావట్రా దాన్ని?" అని కసిరేవాడు.

వదిన మళ్ళీ స్టీరింగ్ ముందు కూర్చుని తాళం తిప్పింది. ఎర్రలైటు ఆరిపోయింది. ఇంజిన్ నిద్రపోయే పిల్లిలా గురగురమంది. అంతే, ఇంకే చప్పుడూ లేదు. ఆవిడ తల వంచుకుని చాలాసేపు ఎదురుచూసి, ఇంజిన్ ఆపేసింది.

టక్, టక్, టక్.

ట్రేలోంచి.

మెకానిక్ ఒక అడుగు వెనక్కి వేశాడు. వదిన మాత్రం చటుక్కున కారు దిగింది. "వస్తున్నా, వస్తున్నా! ఎప్పుడూ తొందరే ఈ మనిషికి!" అని విసుక్కుంటూ వెళ్ళి, ఆ డొల్లని పైటకొంగుతో తుడిచి, ముందు సీట్లో తన పక్కన పెట్టింది. పెట్టి, దానికి బెల్టు కూడా తగిలించింది.

అందులో కొట్టుకోడానికి ఏమీ లేదు వదినా, అందామనుకున్నాడు.

కారు మెత్తగా కొండవైపు సాగింది. మలుపు తిరిగేదాకా ఆ తట్టడం వినబడుతూనే ఉంది. అతను జేబులో చెయ్యి పెట్టి తడిమాడు. చక్రాలు రెండూ అక్కడే ఉన్నాయి, ఎవరో అప్పుడే వేలినుంచి తీసి ఇచ్చినట్టు, వెచ్చగా.