అక్క ఇచ్చిన లైను

సినిమా ఆగకుండా ఆడితే చాలు, నెట్ బ్రహ్మాండంగా ఉన్నట్టే అనుకునే మనుషులతో నాకు పేచీ. వాళ్ళకు బయటినుంచి వచ్చేది చాలు. నాకు ఇక్కడినుంచి వెళ్ళేది కావాలి. నా గొంతు వెళ్ళాలి. నేను ఆసుపత్రులకు దుబాసీని. డాక్టరుది ఒక భాష, మంచం మీది మనిషిది మా భాష. ఆ ఇద్దరి మధ్య, నా ఇంట్లో బల్ల ముందు, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని నేను. నా మాట తెగిందంటే ఆ గదిలో ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ మిగిలిపోతారు.

నన్ను ఈ పనిలోకి తెచ్చింది మా అక్క. తనూ ఇదే కంపెనీలో దుబాసీ, నాకంటే ముందునుంచీ. మా ఫ్లాట్లు పక్కపక్కనే, మధ్యలో ఒకటే గోడ. అమ్మ నా దగ్గర ఉంటుంది. బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్న తర్వాత అమ్మను ఒంటరిగా వదిలి బయటికి వెళ్ళే వీలు లేకపోయింది. ఉన్న ఉద్యోగం మానేసి, ఇక నా బతుకింతే అని మంచం కోళ్ళు లెక్కపెట్టుకుంటున్న రోజుల్లో అక్క చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఈ కుర్చీలో కూర్చోబెట్టింది. తనను నెత్తిన పెట్టుకున్నాను. అమ్మను చూసుకుంటూ చేయగలిగిన పని నాకు ఇంకొకటి లేదు మరి.

పని నేర్పిందీ అక్కే. మొదటి రోజే సూత్రం చెప్పేసింది.

"'ఆవిడ నొప్పిగా ఉందంటోంది' అనకూడదు. 'నాకు నొప్పిగా ఉంది' అనాలి. అక్కడ నువ్వు లేవు, ఆవిడే ఉంది. దేన్నీ కలపకు, దేన్నీ మింగకు. గదిలో ఎవరేమన్నా అవతలివాళ్ళకి చేరాల్సిందే. చెప్పొద్దు అన్నా సరే, ఆ చెప్పొద్దన్న మాటతో సహా."

ఈ చివరి ముక్క తలుచుకుని ఎన్నిసార్లు నవ్వుకున్నామో! ఒక పెద్దాయన నాతో గుసగుసగా, "ఈ డాక్టరు వాలకం చూస్తే ఏమీ తెలిసినట్టు లేదమ్మా, ఈ మాట ఆయనకి చెప్పకేం" అన్నాడు. నేను ఉన్నదున్నట్టు డాక్టరుకు అందించేశాను, 'చెప్పకేం'తో సహా. డాక్టరు పగలబడి నవ్వి, ఆయన్ను మొదటినుంచీ మళ్ళీ పరీక్ష చేశాడు. అక్క ఆ కథ బంధువులందరికీ చెప్పుకుని మురిసిపోయింది.

ఇంట్లోనూ అదే అలవాటైపోయింది. అమ్మకు వినికిడి తగ్గింది, ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి చెబితే తప్ప తెలియదు. అక్క వచ్చి ఏదైనా మాట్లాడితే నావైపు తిరిగి "ఏమంటోంది?" అంటుంది. నేను అక్కనైపోయి, "నాకు తలనొప్పిగా ఉందమ్మా, టీ కావాలి" అంటాను. అమ్మ నా మొహం చూడదు. అక్కనే చూసి, "నీకెప్పుడు లేదు కనుక తలనొప్పి" అంటుంది.

ఇంటికి నెట్ పెట్టించుకోవాల్సి వచ్చినప్పుడు నేను కనబడిన కంపెనీనల్లా వాయించి వదిలిపెట్టాను. ఎర్ర డబ్బా రూటర్ ఇచ్చే పెద్ద కంపెనీ అమ్మాయి, "మేడం, ఒకేసారి నాలుగు టీవీలు చూసుకోవచ్చు" అని ఊరించింది.

"మా ఇంట్లో ఒక్క టీవీ కూడా లేదమ్మా. ఇక్కడినుంచి నా మాట ఎంత స్పీడుగా పోతుందో అది చెప్పు" అన్నాను.

ఆ అమ్మాయి గాబరాపడి ఇంకెవరికో కలిపింది. ఆ ఇంకెవరో పాట పెట్టి వెళ్ళిపోయారు. వీధి చివర చిన్న ఆఫీసు పెట్టుకున్న కంపెనీ వాళ్ళు మాత్రం నాన్చకుండా చెప్పారు. వచ్చే స్పీడెంతో పోయే స్పీడూ అంతే, నా ఇంటికి నాదే విడిగా లైను. ఇక వీళ్ళే అని ఖాయం చేసేసుకున్నాను.

అక్క సాగనిస్తేగా.

"నా దగ్గరున్న ఎర్ర డబ్బా లైను మనిద్దరికీ సరిపోగా మిగుల్తుంది. గోడకి కన్నం పెడితే వైరు నీ బల్ల మీదికే వస్తుంది. పాస్‌వర్డులూ, కంపెనీవాళ్ళతో గోలా అన్నీ నేను చూసుకుంటా, నువ్వు పని మీద మనసు పెట్టు. పిచ్చిమొహమా, అక్కాచెల్లెళ్ళకి రెండు లైన్లెందుకే?"

ఆ చివరి మాటకు నేను కరిగిపోయాను. వీధి చివరివాళ్ళకు ఫోన్ చేసి వద్దని చెప్పేశాను. అక్క అటునుంచి డ్రిల్లుతో గోడ తొలుస్తుంటే, ఇటు రాలిన దుమ్మును చేటలోకి ఎత్తుకుంటూ ఎంత సంబరపడ్డానో తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

కొంతకాలం లైను బాగానే నడిచింది. తర్వాత ఒక సోమవారం నుంచి నా గొంతు తెగడం మొదలైంది. అవతలివాళ్ళ మాటలు శుభ్రంగా వినిపిస్తాయి, నా మాటే ముక్కలు ముక్కలుగా పోతుంది. బల్లను కిటికీ పక్కకు జరిపాను, వంటగదిలోకి మార్చాను. హెడ్‌ఫోన్ మార్చాను. కంపెనీ మనిషి వచ్చి గోడ కన్నంలోంచి కొత్త వైరు వేసి, లైను బంగారంలా ఉందని చెప్పి వెళ్ళాడు. ఆ బంగారంతో నా తల ప్రాణం తోకకొచ్చింది. కాల్ అయ్యాక డాక్టర్లు మార్కులు వేస్తారు. నా మార్కులు జారిపోతున్నాయి.

అక్క రోజూ వచ్చి ఓదార్చేది. "నీ గొంతేమైనా అలిసిపోయిందేమో చూసుకోవే" అని కూడా అంది. వేడినీళ్ళలో తేనె కలిపి తెచ్చి ఇచ్చింది. తాగాను.

ఒక మధ్యాహ్నం వచ్చిన కాల్‌ను మాత్రం నేను బతికుండగా మరిచిపోలేను. ఒక పసివాడి తల్లి. డాక్టరు పరీక్షల ఫలితం చెప్పాడు. మనం భయపడిన జబ్బు కాదు, మందులతో నయమైపోతుంది అన్నాడు. ఇంత మంచి మాట చేరవేసే అవకాశం మా పనిలో రోజూ రాదు. నోరు తెరిచాను. నా మాట వెళ్ళలేదు.

"ఏమన్నారమ్మా? చెప్పండి, ఏమన్నారు?" అంటోంది ఆ తల్లి. నా మౌనాన్ని ఆమె ఇంకోలా అర్థం చేసుకుంది. "చెప్పలేకపోతున్నారా? నా కొడుకు పోతాడా?" అని ఏడుపందుకుంది. ఆ ఏడుపు నాకు వినిపిస్తూనే ఉంది. "నయమైపోతుంది, నయమైపోతుంది" అని నేనిక్కడ గొంతు చించుకుని అరుస్తున్నాను. చివరికి వాళ్ళు విసిగిపోయి లైను కట్ చేసి, ఇంకో దుబాసీని పిలుచుకున్నారు.

హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద తల వాల్చి ఏడ్చాను. కాసేపటికి అక్క టీ పట్టుకుని వచ్చి వీపు నిమిరింది. "నీ తప్పేం లేదే. దరిద్రపు కంపెనీ" అంది. ఆ చేతిని పట్టుకుని ఇంకాస్త ఏడ్చాను.

మర్నాడు సూపర్‌వైజర్ ఫోన్ చేసింది. "మీ భాషకి ఇక ఒక్కరినే ఉంచమని పైనుంచి చెప్పారు. మార్కులు చూసి తేలుస్తాం. మీ అక్కగారికి ఎప్పుడో చెప్పాంగా, మీకు చెప్పలేదా?"

అయినా అక్కను అనుమానించాననుకుంటున్నారేమో, లేదు. నేను బెంగపెట్టుకుంటానని దాచి ఉంటుంది పాపం అనుకున్నాను. నా అంత వెర్రిది ఇంకొకతె పుట్టదు.

ఆ తర్వాత కొద్ది రోజులకే, సరిగ్గా షిఫ్టు మొదలయ్యే వేళకు నా లాప్‌టాప్ మొరాయించింది. ఏదో అప్‌డేట్ అంటూ చక్రం తిప్పుతూ కూర్చుంది. అక్క పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. తన ఇంటి తాళంచెవి ఎప్పుడూ నా దగ్గరే ఉంటుంది. పరుగున వెళ్ళి తన లాప్‌టాప్ తెచ్చుకున్నాను. కంపెనీ అందరికీ ఇచ్చేది ఒకే రకం, ఎవరి పేరుతో వాళ్ళు లోపలికి వెళ్ళొచ్చు. నా బల్ల మీదే పెట్టి, గోడలోంచి వచ్చిన ఆ వైరే తగిలించాను.

వరసగా కాల్స్ వచ్చాయి. నా గొంతు ఒక్కసారి కూడా తెగలేదు. ఒక డాక్టరైతే, "ఈ వేళ మీరు పక్కనే ఉన్నట్టుంది" అన్నాడు.

విరామంలో, అప్పటికి అప్‌డేట్ ముగించుకున్న నా లాప్‌టాప్‌కు అదే వైరు పెట్టి పరీక్షకని నా సెల్‌ఫోన్‌కు కాల్ చేసుకున్నాను. ముక్కలు. అక్కది పెట్టాను. శుభ్రం. సరే, నా మెషీనే పాడైందేమోనని దాన్ని సెల్‌ఫోన్ నెట్‌కు కలిపాను. అదీ శుభ్రం. మెషీన్ బాగుంది, వైరు బాగుంది. మిగిలింది రూటర్. ఏ మెషీన్‌కు ఎంత వదలాలో రూటర్‌లో పెట్టుకోవచ్చని నాకు ఒకప్పుడు చెప్పింది అక్కే. దాని పాస్‌వర్డు ఉన్నదీ అక్క దగ్గరే.

నాకు కోపం రాలేదు మొదట. చలి వేసింది. తప్పిపోయిన చిన్నపిల్లలా ఆ గోడ కన్నం వైపే చూస్తూ కూర్చుండిపోయాను.

అక్క బుగ్గకు దూది నొక్కుకుంటూ తిన్నగా మా ఇంటికే వచ్చింది. అమ్మ కిటికీ పక్క కుర్చీలో బఠాణీలు ఒలుస్తోంది. నా బల్ల మీద తన లాప్‌టాప్ చూసి అక్క గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"నా మెషీన్‌కి ఎంత వదిలావక్కా?" అన్నాను.

బుకాయిస్తుందనుకున్నాను. బుకాయించినా బాగుండేది.

"ఒక్కరినే ఉంచుతారంటే ఏం చెయ్యమంటావే? మీ బావ షాపు మూసేశాక మా ఇల్లు నడిచేది నా ఒక్కదాని మీదే. నీకింకేదైనా దొరుకుతుంది, నువ్వు చిన్నదానివి."

"అమ్మని ఎవరు చూస్తారు అప్పుడు?"

అక్క దూదిని బుగ్గకు ఇంకాస్త గట్టిగా నొక్కుకుంది.

"ఆ పసివాడి తల్లి ఎంత ఏడ్చిందో తెలుసా నీకు? ఆ ఏడుపు నువ్వు వినలేదు కదా!"

"విన్నాను" అంది నెమ్మదిగా. "ఆ షిఫ్టులో మన భాషకి మనిద్దరమే కదే. ఆ కాల్ నాకే వచ్చింది. నేనే చెప్పాను, నయమైపోతుందని. నన్ను చల్లగా ఉండమంది."

ఆ దీవెన అందుకుని, హెడ్‌ఫోన్ తీసి, టీ పెట్టి, వచ్చి నా వీపు నిమిరిందన్నమాట. నమ్మించి గొంతు కోయడం అంటారు. నా విషయంలో అది మాటవరసకు అన్నది కాదు. నా బతుకు నిలబడ్డదే గొంతు మీద, దాన్నే కోసింది.

"వీధి చివరి కంపెనీవాళ్ళు రేపొచ్చి లైను వేస్తారు. సూపర్‌వైజర్‌కి సాయంత్రం ఫోన్ చేస్తున్నాను" అన్నాను.

అక్క అమ్మ వైపు చూసింది. అమ్మ గిన్నె పక్కన పెట్టి మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది.

"ఫోన్ అక్కర్లేదు. నేనే మానేస్తాను. రేపే రాసిచ్చేస్తాను, ఉద్యోగం నువ్వే ఉంచుకో" అంది అక్క. "అమ్మకి మాత్రం చెప్పకే. నీకు దణ్ణం పెడతాను."

నాకు కావలసింది దొరికేసింది. నోరు మూసుకుంటే చాలు. నిజం చెప్పాలంటే ఒక్క క్షణం మూసుకుందామనే అనుకున్నాను.

"ఏమంటోంది?" అంది అమ్మ.

వెళ్ళి అమ్మ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఎడమ చెవి దగ్గర నోరు పెట్టాను.

"చెల్లి గొంతు అవతలికి వెళ్ళకుండా నేనే చేశానమ్మా. ఇద్దరిలో ఒక్కరినే ఉంచుతారంటే అది నేనే కావాలనుకున్నాను. దాని కాల్ తెగిపోయి ఒక తల్లి ఏడుస్తుంటే ఆ కాల్ నేనే తీసుకున్నాను. తర్వాత వచ్చి దాన్ని ఓదార్చాను. ఇప్పుడు ఉద్యోగం దానికే వదిలేస్తానంటున్నాను." చివరి ముక్క మిగిలింది. మింగకూడదు. "ఇది అమ్మకి మాత్రం చెప్పకే. నీకు దణ్ణం పెడతాను."

అమ్మ నా మొహం చూడలేదు. అక్కనే చూసింది. చాలాసేపు చూసింది. బఠాణీ తొక్కలున్న ఒడిని దులుపుకుని, ఎడమ చెవి మీద పడ్డ జుట్టు వెనక్కి తోసుకుని, "ఇలా రా. ఇక్కడికొచ్చి నువ్వే చెప్పు" అంది.

అక్క గుమ్మం దాటి లోపలికి రాలేదు. వెనక్కీ వెళ్ళలేదు. బుగ్గ మీది దూది కింద పడింది, తీసుకోలేదు.

కాసేపు చూసి అమ్మ నావైపు తిరిగింది.

"ఏమంటోంది?"

"ఏమీ అనడం లేదమ్మా" అన్నాను.