లెక్కకు రాని ముద్దలు

నేను ఒక వంటింటి త్రాసుని. రాళ్లూ పళ్లాలూ ఉన్న పాతకాలపు బాపతు కాదు, బ్యాటరీతో బతికే గాజు పలకని. పుట్టిన ఫ్యాక్టరీ పేరు నా అడుగున ఉండేది, పసుపు చేతులు తగిలి తగిలి చెరిగిపోయింది. మొదట నన్ను కొన్నది ఒక బ్యాంకు ఉద్యోగి. బరువు తగ్గి తీరతానని ఒట్టేసి, వారం తిరక్కుండా అటకెక్కించాడు. తర్వాత, తాను రోజూ కూరలు కొనే కర్రీ పాయింటు సత్యవేణికి ఇచ్చేశాడు.

కాకినాడలో ఆమె గుత్తి వంకాయకు పేరు. నన్ను తీసుకున్నది మాత్రం కూరలు తూచడానికి కాదు. తమ్ముడు సూరిబాబు కాలేయం పాడైపోయింది. అక్క కాలేయంలో ముక్క సరిపోతుందన్నారు గానీ, అందులోనూ కొవ్వు పేరుకుంది. బరువు తగ్గితేనే తీస్తామనీ, తమ్ముడికి ఎక్కువ వ్యవధి లేదనీ డాక్టరు చెప్పాడు.

ఆనాటి నుంచి కంచంలోది ఏదైనా నా మీద పెట్టి, ఫోన్లో క్యాలరీలు చూసుకుని గానీ తినేది కాదు. తెల్లవారగానే బీచి రోడ్డు మీద నడిచి వచ్చేది. అయినా బరువు కదల్లేదు. తమ్ముడి కళ్లు మాత్రం రోజురోజుకీ పచ్చబడుతున్నాయి.

"నా ఒళ్లే వాడికి శత్రువైపోయిందండీ" అని భర్త భద్రం దగ్గర ఏడ్చింది. నాకు మాటలొస్తే ఆ రోజే చెప్పేసేదాన్ని.

కూర దించేముందు కాస్త అరచేతిలో వేసుకుని ఉప్పు చూడటం ఆమె అలవాటు. ఎన్ని కూరలుంటే అన్నిసార్లూ, ఒక్కోసారి రెండేసి సార్లు. అదీ తిండేనని ఆమెకు ఎన్నడూ తోచలేదు. వంట చేసేవాళ్లెవరికీ తోచదు.

చివరికి భద్రం కనిపెట్టాడు. "ఓ పని చెయ్యవే. నువ్వు చేతిలో ఎంతేసుకుంటే అంతా ఈ గిన్నెలో కూడా వెయ్యి" అన్నాడు. సాయంత్రానికి గిన్నె నిండింది. నూనె తేలిన ఆ గిన్నెను నా మీద పెట్టి, ఆమె చాలాసేపు అంకెలకేసి చూసింది.

"ఇదంతా నేను తిన్నదేనా?"

"తిన్లేదులే. రుచి చూశావంతే."

ఆమె గరిటె తీసి అతని చేతిలో పెట్టింది.

మర్నాటి నుంచి ఉప్పు చూసే పని భద్రానిది. అతని పొట్ట పెరిగింది, ఆమె ఒళ్లు తగ్గింది. మా అంకెలు అబద్ధమాడవని మనుషులు గొప్పగా చెప్పుకుంటారు. మా మీద పెట్టనిదాన్ని మేమెలా చెబుతాం?

ఆపరేషన్ విశాఖలో జరిగింది. తీసిన ముక్కను అక్కడి త్రాసులో తూచారని భద్రం వచ్చి ఎవరికో చెబుతుంటే విన్నాను. అసూయ కలిగిన మాట నిజం. ఆమె తిన్నదే నేను తూచాను, ఆమె ఇచ్చింది తూచే భాగ్యం ఆ త్రాసుకు దక్కింది.

ఆమెకు మత్తు వదిలాక, సూరిబాబు కళ్లు తెరిచాడని చెప్పారట. ఆమె అడిగిన మొదటి మాట:

"ఏవైనా తిన్నాడాండీ?"