ఎడమవైపు గుండీలు

నాది పుర్రచేయి. చిన్నప్పుడు ఆ చేతి మీద అమ్మ గరిటెతో కొట్టేది, టీచరు స్కేలుతో కొట్టేది. వాళ్లిద్దరూ అలిసిపోయారు గానీ నా చేయి మారలేదు. ఇరవై రెండేళ్లుగా అదే చేత్తో మా అన్నయ్య షాపులో చొక్కాలు కత్తిరిస్తున్నాను.

కత్తిరించేది నేనైతే ఫోన్లో కనిపించేది మా వదిన. ‘వదినమ్మ కుట్టుపాఠాలు’ పేజీ చూసే లక్షమందికి ఆవిడే టైలరు. ముందు నవ్వుతూ నాలుగు మాటలు చెబుతుంది. తర్వాత బల్ల మీద చేతులు మాత్రమే కనిపిస్తాయి. అవి నావి. సొమ్మొకడిది సోకొకడిది అని నవ్వుకుని ఊరుకునేదాన్ని, షాపు నడవాలి కదా అని.

వదినది కుడిచేతి వాటం. చేతులు వేరని తెలియకుండా వీడియోని అద్దంలో చూసినట్టు తిప్పి పెట్టేది. అంకెలు తిరగబడతాయని టేపు కనపడనిచ్చేది కాదు. గుండీల సంగతి మాత్రం తట్టలేదు. నేను ఆ వీడియోలు చూడను. చూసే వదినకి మగవాళ్ల చొక్కాకి గుండీలు ఏ వైపుంటాయో తెలియదు.

కుడివైపుంటాయి. ఒకావిడ మా పాఠం చూసి ఒక ఫ్యాక్టరీలో మగవాళ్లకి ముప్పై యూనిఫారం చొక్కాలు కుడితే, అన్నింటికీ ఎడమవైపు పడ్డాయి. ఫ్యాక్టరీవాళ్లు తిప్పి పంపేశారు. ‘మీరు చూపించినట్టే కుట్టాను మేడమ్. నాకిది మొదటి ఆర్డరు’ అని కామెంటు పెట్టింది. కింద వదిన జవాబు: ‘శ్రద్ధగా చూడడం నేర్చుకోండి.’

చదవగానే నాకు ఒళ్లు మండింది. స్కేలు దెబ్బతో పాటు నేను విన్న మాటలే అవి.

“తప్పు మనది వదినా. చెప్పేద్దాం.”

“లక్షమందిలో నా పరువేం కావాలి? ఆదివారం లైవ్ పెడతా. అందులో తిప్పి పెట్టడం కుదరదు, కుడిచేత్తో కత్తిరించి చూపించు. నోళ్లు మూతపడతాయి.”

“నా చేత్తో ఆవిడ నోరు మూయిస్తావా?”

“ఒక్క గంట అమ్మాయ్. ఇంటి మనిషివి, ఆ మాత్రం చెయ్యలేవా?”

ఆదివారం పొద్దున బల్లకి పైన ఫోను బిగించారు. వదిన పక్కన నిలబడి తీయగా మాట్లాడుతోంది. నేను కుడిచేత్తో కత్తెర పట్టుకున్నాను. సుద్దగీత ఒకవైపు, కత్తెర ఒకవైపు పోయాయి. ఇంతలో ఫోను తెర మీద ఆ ముప్పై చొక్కాలావిడ మెసేజ్ కనిపించింది. ‘అయితే తప్పు నాదేనా మేడమ్?’

వదిన నోరు తెరిచేలోపే కత్తెర కింద పెట్టేశాను.

“లేదమ్మా. నువ్వు శ్రద్ధగానే చూశావు. మేమే తిప్పి చూపించాం.”

వదిన ఫోను మీదికి చెయ్యి చాపింది. ఆ చెయ్యి పట్టుకుని ఆపాను. బల్ల మీదికి వంగి, ముఖం పైకెత్తి ఫోన్లోకి చూశాను.

“ఇన్నాళ్లూ మీరు చూసిన చేతులు నావి. నాది పుర్రచేయి. అమ్మా, ఆ ముప్పై చొక్కాలూ పట్టుకురా. గుండీల పట్టీలు మార్చి ఇద్దరం కుడదాం.”

“రేపటి నుంచి నీకీ షాపులో పని లేదు” అంది వదిన. ఆ మాట కూడా లైవ్‌లో వెళ్లిపోయింది.

“విన్నావుగా తల్లీ. షాపుకి కాదు, మా ఇంటికి పట్టుకురా.”

నా కత్తెర ఎడమచేతిలోకి తీసుకున్నాను. లక్షమంది చూస్తుండగా కొత్త గీత గీసి, ఆ చివరి దాకా కత్తిరించాను.