మెత్తబడిన ట్రిగ్గర్

కానిస్టేబుల్ కుమారస్వామి పోయిన తొమ్మిదో రోజున అతని తుపాకి అంబదాస్ బల్ల మీదికి వచ్చింది. తెల్లగుడ్డలో చుట్టి, లక్కముద్ర వేసి, మనిషిని సాగనంపినంత మర్యాదగా పంపారు. బతికున్నన్నాళ్లూ కుమారస్వామికి ఆ మర్యాద దక్కలేదు.

"ఏమున్నది అంబదాస్, తుపాకి మంచిగనే ఉన్నదని ఒక్క ముక్క రాసియ్యి. పెండ్లాంతోని లొల్లి పెట్టుకున్నడు, కాల్చుకున్నడు. మధ్యాహ్నం కల్లా నాకు కాగితం కావాలె," అనేసి ఇన్‌స్పెక్టర్ దయాకర్‌రావు జీపెక్కాడు.

అంబదాస్‌ది భైంసా. పద్దెనిమిదేళ్లుగా జిల్లా పోలీసుల తుపాకులు బాగుచేయడమే అతని పని. చావు జరిగిన పొద్దున ఏమైందో అతనికీ అందరికీ తెలిసినంతే తెలుసు. కుమారస్వామి సెంట్రీ డ్యూటీ ముగించి ఇసుకబస్తాల మోర్చా మెట్లు దిగుతున్నాడు. ఒకటే పేలుడు. గుండు గడ్డం కింద నుంచి పైకి పోయింది. చూసినవాడు ఒక్కడూ లేడు. కానీ పావుగంట ముందు అతను ఫోనులో భార్యతో అరుచుకోవడం విన్నవాళ్లు నలుగురున్నారు. చూసినవాడు లేనిచోట విన్నవాళ్లదే రాజ్యం.

అంబదాస్ తుపాకి విప్పాడు. చాలా చేతులు మారి వచ్చిన పాత సెల్ఫ్‌లోడింగ్ రైఫిల్ అది. ట్రిగ్గర్‌కూ, లోపల గుండును పేల్చే సుత్తికీ మధ్య పట్టు బియ్యపుగింజ కంటే పెద్దది కాదు. ఆ అంచు సరిగ్గా ఉన్నంతకాలం వేలు గట్టిగా లాగితే తప్ప సుత్తి కదలదు. అంచు తగ్గితే వేలు తాకితే చాలు. మరీ తగ్గితే వేలు కూడా అక్కర్లేదు. వాడకంలో అరిగిన ఇనుము నున్నబడుతుంది. ఇక్కడ మాత్రం సన్నని గీతలున్నాయి, ఆకురాయి గీతలు. ఎవరి ఆకురాయో అతను వెతుక్కోనక్కర్లేదు. అది అతని సొరుగులోనే ఉంది.

తుపాకి మళ్లీ బిగించి, గుండ్లు లేవని రెండుసార్లు చూసుకుని, సుత్తి ఎక్కించి తుపాకి పిడి అడుగును నేలకేసి తట్టాడు. ఏమీ కాలేదు. మళ్లీ తట్టాడు. మూడోసారి ట్రిగ్గర్ తాకకుండానే లోపల సుత్తి 'టక్' మంది. అంబదాస్ తుపాకి బల్ల మీద పెట్టి స్టూలు మీద కూర్చున్నాడు.

ఏటా కాల్పుల పరీక్ష దగ్గర పడిందంటే అతని గది ముందు జాతరే. "అన్నా, ట్రిగ్గర్ జర మెత్తగ చెయ్యి" అని ఒకరి తర్వాత ఒకరు వచ్చేవారు. గట్టి ట్రిగ్గర్ లాగేటప్పుడు గొట్టం పక్కకు జరుగుతుంది, గురి తప్పుతుంది. తప్పినవాడు అందరి ముందూ తుపాకి నెత్తిన పెట్టుకుని మైదానం చుట్టూ పరుగెత్తాలి. రెండేళ్లు వరసగా పరుగెత్తిన కుమారస్వామి ఈసారి బుట్టెడు సీతాఫలాలతో వచ్చాడు. అంబదాస్ నాలుగు గీతలు ఎక్కువే గీశాడు. పరీక్ష అయ్యాక ట్రిగ్గర్‌కు కొత్త ముక్క వేస్తానన్నాడు. స్టోరు నుంచి ముక్క రాలేదు, తనూ వాళ్లకు గుర్తుచేయలేదు. మోర్చాలో గుండు ఎక్కించి ఉంచడం అక్కడి పాత అలవాటు. దిగేటప్పుడు తుపాకి పిడి మెట్టుకు తగిలితే చాలు.

ఇప్పుడు దొంగకు తేలు కుట్టినట్టయింది అంబదాస్ పని. నిజం రాస్తే ఉద్యోగం పోతుంది, జైలు కూడా తప్పదేమో. రాయకపోతే అడిగేవాడే లేడు. కలం తీశాడు.

అప్పుడే గుమ్మంలో ఒక ఆడమనిషి వచ్చి నిలబడింది. చెప్పులు బయటే విడిచింది.

"అన్నా, నేను మహేశ్వరిని. కుమారస్వామి ఇంటామెను. చెన్నూరు కెల్లి వచ్చిన. ఒక్క మాట అడిగి పోత. తుపాకి దానంతట అదే పేలుతదా?"

అంబదాస్ కలం మూత పెట్టాడు, తీశాడు.

"మా అత్త నా బిడ్డను దగ్గర పెట్టుకొని నన్ను గడప తొక్కనిస్తలేదు. నోటితోనే నా కొడుకును మింగినవంటది. ఆమె అననీ. నేనన్నది నిజమే గదన్నా. బిడ్డకు జరమొచ్చి మూడు దినాలైనా సెలవు పెట్టి రాలే. 'నువ్వు సచ్చినా బతికినా నాకు ఒక్కటే' అని అన్న. పావుగంటకు సచ్చిండు." ఆమె కళ్లు పొడిగా ఉన్నాయి. "గా మాటకే సచ్చిండా? అవునంటే అవునను. తెలవక బతుకుడు నాతోని కాదు."

"పాత తుపాకి చెల్లె... అరిగిపోయింది... అట్ల కూడ అయితది," అన్నాడు అంబదాస్. ఎంత చక్కని మాట! ఆమె బతుకుతుంది, తనూ బతుకుతాడు.

"అరిగిందా? నెల కింద నువ్వే బాగుచేసినవంట గదా? అంబదాసన్న చెయ్యి పడ్డది, ఈసారి పాసైన అని ఫోన్ల మస్తు సంబురపడ్డడు," అంది మహేశ్వరి. ఆ గొంతులో నిష్ఠూరం లేదు, కృతజ్ఞత ఉంది. అంబదాస్ దాన్ని ఓర్చుకోలేకపోయాడు.

"బాగుచెయ్యలే చెల్లె. ఖరాబ్ చేసిన. నీ మాటకు సావలే. నా చేతుల సచ్చిండు."

తుపాకి నేలకేసి తట్టి చూపించాడు. ఈసారి రెండో దెబ్బకే 'టక్' మంది. "ఇంకోసారి," అంది ఆమె. చూపించాడు. "ఇంకోసారి." నాలుగోసారికి ఆమె గడప మీద కూర్చుని ఏడ్చింది. తొమ్మిది రోజులుగా రాని ఏడుపు అది. బరువు దిగిన ఏడుపో, కడుపుమంటో ఆమెకే తెలియదు.

"తిట్టు చెల్లె. కొట్టు. పడ్త," అన్నాడు అంబదాస్.

మహేశ్వరి కొంగుతో మొహం తుడుచుకుంది. తిట్టలేదు. "ఇట్ల ఇంకెందరికి చేసినవ్?" అని అడిగింది.

ఆకురాయి గీతలు చూసినప్పటి నుంచీ అంబదాస్ తన ఉద్యోగం గురించి ఆలోచించాడు, జైలు గురించి ఆలోచించాడు. కుమారస్వామి కలలోకి వస్తాడేమోనని కూడా భయపడ్డాడు. ఈ ఒక్క సంగతి మాత్రం అతని బుర్రకు తట్టనే లేదు. తన మీద తనకే అసహ్యం పుట్టింది.

"పదకొండు మందికి."

"ఏడున్నయ్ అవి?"

"డ్యూటీల మీద. పన్నెండింటికి సెంట్రీలు మారుతరు. మెట్లు దిగుతరు."

గోడ గడియారం పన్నెండుకు పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఆమె బల్ల మీది ఫోను తీసి అతని చేతిలో పెట్టింది. అంబదాస్ ఇన్‌స్పెక్టర్‌కు కలిపాడు.

"సార్, సెంట్రీలను ఎవ్వరినీ మోర్చా దిగనియ్యకుండ్రి. ముందు గుండ్లు తీయించుండ్రి. ట్రిగ్గర్లు ఖరాబున్నయ్ సార్. నేనే చేసిన. కుమారస్వామిది సుత నేనే." అవతల దయాకర్‌రావు అరుస్తున్నాడు, ఎవరెవరివో చెప్పమంటున్నాడు. అంబదాస్ పేర్లు మొదలుపెట్టాడు. ఏడో పేరు దగ్గర ఆగి గడియారం వైపు చూశాడు.

"ఆగకు, చెప్పు," అంది మహేశ్వరి.