కాఫీ మిషన్ అనుమతి

తీగలు లాగే పని మానేసి ఏళ్ళయినా, ఆమెను అందరూ తీగలమ్మ అనే పిలుస్తారు. ఇప్పుడామె చేసేదంతా తీగల్లేని పనే. ఆఫీసుల్లో పైకప్పుకు పళ్ళెంలాంటి తెల్లటి యాక్సెస్ పాయింట్లు బిగిస్తుంది. అన్నిటినీ ఒక కంట్రోలర్ కిందికి తెచ్చి, వైఫైలోకి ఎవరిని రానివ్వాలో ఎవరిని రానివ్వకూడదో దానికి నేర్పి వస్తుంది.

ఈసారి ఆమెకు తూకం యంత్రాలు పరీక్షించే ఆఫీసులో పని పడింది. దుకాణాల కాటాలు అక్కడికి వస్తాయి. సరిగ్గా తూస్తున్నాయని తేలితే ముద్ర వేసి పంపుతారు. కొత్తగా వచ్చిన పరీక్ష బల్లలు తూకాల్ని వైఫైలోనే కంప్యూటరుకు పంపుతాయి. దారిలో ఎవడైనా దూరి కిలోను ముప్పావు కిలో చేస్తే తన పరువేం కావాలని మేనేజరుకు బెంగ. అనుమానం ఆయనకు పుట్టుకతో వచ్చింది. ఇంటికి తాళం వేసి, లాగి చూసి, వీధి మలుపు దాకా వెళ్ళాక వెనక్కొచ్చి మళ్ళీ లాగి చూసే మనిషి.

అందుకే రెండు షరతులు పెట్టాడు. కంట్రోలర్ పాస్‌వర్డ్ ఏ ఒక్కరికీ పూర్తిగా తెలియకూడదు. సగం తాను, సగం అకౌంటెంటు కొట్టాలి. అకౌంటెంటు ఆయన భార్యకు సొంత తమ్ముడే. అయినా సగమే. ఇక రెండోది, కొత్త ఫోను లోపలికి రావాలంటే అప్పటికే సిబ్బంది జాబితాలో ఉన్న పరికరం మీద 'సరే' నొక్కాలి. అలా వచ్చినదానికి ఆ ఒక్కరోజే చెల్లు. మర్నాడు మళ్ళీ అడగాలి. ఇంకొకరికి పూచీ పడే హక్కు కంట్రోలర్ ఇస్తేగాని దానికి రాదు.

తీగలమ్మ అలాగే చేసింది. బావా బావమరుదులు వంతులవారీగా, చెయ్యి అడ్డం పెట్టుకుని, తమ తమ సగాలు కొట్టారు. భోజనాల వేళకు అందరూ కిందికి వెళ్ళిపోయారు. పరీక్షించి చూడటానికి ఆమె దగ్గర సిబ్బంది ఫోను ఒక్కటీ లేదు. ఎదురుగా కొత్త కాఫీ మిషన్ కనిపించింది. పాలు అయిపోతే తనే వైఫైలో కబురు పెట్టే రకం. దాన్నే సిబ్బందిలో మొదటి పేరుగా చేర్చింది. చక్కగా కలిసింది. ఆమె కంట్రోలర్ మూసేసి టిఫిన్ డబ్బా తెరిచింది.

ఆలోగానే కింద గొడవైంది. అప్పుడే ముద్ర పడిన పెద్ద కాటా మీదికి మేనేజరు సరదాగా ఎక్కాడు. బావమరిది పని అలవాటు కొద్దీ అంకెను హాలంతా వినబడేలా చదివాడు. మేనేజరు మొహం మాడిపోయింది. దిగి, బూట్లు తొడుక్కుని, గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. ఆ క్షణం నుంచి ఇద్దరికీ మాటల్లేవు. పక్కపక్కన నిలబడి పాస్‌వర్డ్ కొట్టడమన్న ఊసే లేదు.

దాంతో ఆఫీసు మొత్తానికి నెట్‌వర్క్‌లో మిగిలిన సిబ్బంది కాఫీ మిషన్ ఒక్కటే అయింది. 'చక్కెర లేకుండా' అన్న మీట కింద 'ఈ పరికరాన్ని రానివ్వాలా?' అన్న ప్రశ్న వస్తుంది. అదీ కాఫీ పోస్తున్నంతసేపే. పొద్దున్నే అందరూ కప్పులు పట్టుకుని వరసలో నిలబడేవారు. కాఫీ పడనివాళ్ళు కూడా నిలబడి, పోయించుకుని, పక్కవాళ్ళకు ఇచ్చేవారు. ముద్రలు వేసే పెద్దాయన రోజూ దానికి నమస్కారం పెట్టేవాడు. ఒకనాడు అది 'ముందు నన్ను శుభ్రం చేయండి' అని మొండికేస్తే, మధ్యాహ్నం దాకా ఒక్క కాటా కదల్లేదు.

అనుమతులు ఇచ్చేది సిబ్బంది అయినప్పుడు హాజరు వేయకపోతే తప్పని మేనేజరు దాని పేరు పట్టీలో ఎక్కించాడు. సంతకం బదులు కప్పు అడుగు మరక తీసుకున్నారు. తనిఖీకి వచ్చిన అధికారి అంతా చూశాడు, రెండు కప్పులు తాగాడు. 'బాధ్యులు మితభాషి, పలుకుబడికి లొంగరు' అని రాసి మెచ్చుకుని వెళ్ళాడు.

మేనేజరు మాత్రం వరసలో నిలబడలేదు. డాక్టరు కాఫీ మానమన్నాడని చెప్పుకున్నాడు గానీ, అసలు సంగతి అహం. చివరికి పని ఆగిపోయి, కప్పు పట్టుకుని వచ్చాడు. ఆయన వంతు రాగానే పాలు అయిపోయాయి. అంతమంది ముందు ఖాళీ కప్పుతో నిలబడ్డ ఆయన్ని చూసి, పని ముగించలేక రోజూ వచ్చిపోతున్న తీగలమ్మకు జాలేసింది. కుర్చీ వేసి కూర్చోబెట్టింది.

"అమ్మాయ్, నా సగం పాస్‌వర్డు వాడు హాల్లో చదివేశాడు" అన్నాడు మేనేజరు మెల్లగా. "నా బరువే పెట్టాను. మర్చిపోనని."

ఆ మాట బావమరిది చెవిన పడింది. పాపం, అతనికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. వచ్చి బావ పక్కన నిలబడ్డాడు. తనకు నిజంగా తెలియదనీ, తెలిస్తే గొంతు తగ్గించేవాడిననీ చెప్పాడు. మేనేజరు తల ఊపాడు. ఇద్దరూ కంట్రోలర్ ముందు కూర్చున్నారు. హాల్లో చదివిన అంకె కొట్టారు. ఒప్పుకోలేదు. ఇంటి కాటా చూపించిన అంకె కొట్టారు. ఒప్పుకోలేదు. ఇంకొక్కసారి తప్పితే మొత్తం మూతపడుతుందని తీగలమ్మ హెచ్చరించింది.

ఇక గతిలేక బావమరిది అక్కకు ఫోను చేశాడు. ఆమె తాపీగా అంతా వింది.

"ఆయన బరువా? ఎవరడిగినా పెళ్ళినాటి బరువే చెబుతారు. అదే కొట్టండి" అని అంకె చెప్పి, స్టవ్ మీద ఏదో మాడుతోందని పెట్టేసింది.

కంట్రోలర్ తెరుచుకుంది. ఆ సంగతి తన నోటితో చెప్పలేకపోయిన మేనేజరు ఎవరి మొహమూ చూడకుండా కళ్ళజోడు తుడుచుకున్నాడు. తీగలమ్మ అందరి ఫోన్లూ, బల్లలూ ఒక్కొక్కటిగా సిబ్బంది జాబితాలో చేర్చింది. కాఫీ మిషన్‌ను తీసేయమంటారా అని అడిగితే, ముద్రల పెద్దాయన ఒప్పుకోలేదు. ఇంతవరకు ఎవరినీ కసురుకోని అధికారి అదొక్కటేనన్నాడు. ఉంచేశారు.

ఆమె సామాను సర్దుకునేసరికి, కొత్త పాస్‌వర్డులో ఎవరి సగం ముందుండాలన్నదాని మీద బావా బావమరుదులు గట్టిగానే వాదించుకుంటున్నారు. మాట్లాడుకుంటున్నారు, అంతే చాలనుకుంది. నిచ్చెన భుజాన వేసుకుని మెట్లు దిగింది.